కాలి బొటనవేలి పక్కన బొడిపె, రోజంతా నిలబడే ఉద్యోగం: నొప్పి తగ్గే మార్గం ఏమిటి?

ప్రశ్న: కృష్ణాతీరం, విజయవాడ

అందరికీ నమస్కారం. నా వయసు 44 ఏళ్లు. ఒక పెద్ద వస్త్ర దుకాణంలో చీరల విభాగంలో పని చేస్తున్నాను. ఉదయం పది గంటల నుంచి రాత్రి తొమ్మిది వరకు, భోజన విరామం తప్ప, దాదాపు నిలబడే ఉండాలి. దుకాణం నియమం ప్రకారం ముందు భాగం కోసుగా ఉండే నల్లటి బూట్లే వేసుకోవాలి. కొన్నేళ్లుగా నా రెండు కాళ్ల బొటనవేళ్లూ మెల్లగా రెండో వేలి వైపు ఒరుగుతున్నాయి. వేలి మొదట్లో, పాదం లోపలి అంచున, గట్టి బొడిపె లేచింది. కుడి కాలిది పెద్దది. సాయంత్రానికి అది ఎర్రబడి సలుపుతుంది, రాత్రి ఇంటికి వెళ్లి బూటు విప్పాకే ప్రాణం కుదుటపడుతుంది. ఈ మధ్య రెండో వేలి కింద, అరికాలిలో ఆనెకాయ కూడా కట్టింది.

మా అమ్మకు కూడా అచ్చం ఇలాగే ఉంది. ఆవిడ జీవితమంతా పొలం పని చేశారు, హవాయి చెప్పులు తప్ప బూట్లు ఎరగరు. ఇప్పుడు ఆవిడకు షుగర్ ఉంది.

దగ్గరలోని క్లినిక్‌లో దీన్ని బునియన్ అంటారని చెప్పి నొప్పి మాత్రలు రాశారు. ఇరుగుపొరుగు వారు ఎముక పెరిగిందనీ, నూనె మర్దన చేసి పట్టు వేస్తే కరిగిపోతుందనీ అంటున్నారు. తోటి ఉద్యోగిని ఒకామె ఆన్‌లైన్‌లో దొరికే సిలికాన్ ముక్కను వేళ్ల మధ్య పెట్టుకోమంటోంది. ఇంకొకరు ఆపరేషన్ తప్పదంటే, మరొకరు చేయించుకున్నా మళ్లీ వస్తుందంటున్నారు. ఇందులో నిజమేది, నొప్పి తగ్గడానికి నేను ముందుగా ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఎముకల వైద్యుడు, వరంగల్

అమ్మా, ముందుగా ఆ బొడిపె ఏమిటో చెబుతాను, ఎందుకంటే మీరు విన్న మాటల్లో సగం అక్కడే దారి తప్పాయి. పాదం ముందు భాగంలో అయిదు పొడవాటి ఎముకలు ఒక్కొక్క వేలికీ ఒక్కొక్కటిగా ఉంటాయి. బునియన్‌లో బొటనవేలి వెనుక ఉన్న పొడవాటి ఎముక మిగిలిన నాలుగింటి నుంచి విడివడి పాదం లోపలి అంచు వైపు జరుగుతుంది, దాని చివర ఉన్న బొటనవేలు మాత్రం ఎదురు దిశలో, రెండో వేలి మీదికి ఒరుగుతుంది. ఈ రెండూ కలిసే కీలు దగ్గర ఎముక తల బయటికి పొడుచుకు వస్తుంది. మీ చేతికి గట్టిగా తగిలేది ప్రధానంగా అదే. అంటే ఎముక పెరగడం కంటే ఎముక స్థానం మారడమే ఇక్కడ అసలు విషయం, కాబట్టి నూనెతో, పసరుతో, పట్టుతో కరగడానికి అక్కడ ఏమీ లేదు. పైగా గట్టిగా మర్దన చేస్తే అప్పటికే వాచిన చోటు మరింత వాస్తుంది. వేలు ఒకసారి ఒరిగాక, దాన్ని కదిలించే స్నాయువులు విల్లుకు కట్టిన నారిలా పక్క నుంచి లాగడం మొదలుపెడతాయి, అందుకే ఇది ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ పోతుంది.

ఎందుకు వస్తుందన్న దానికి మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. బూట్లు ఎరగని మీ అమ్మగారికీ ఉందంటే, పాదం నిర్మాణం, కీళ్ల వదులుతనం మీకు ఆవిడ నుంచి వచ్చి ఉండవచ్చు. వంశపారంపర్యం ఇందులో చాలా బలమైన కారణం, స్త్రీలలో ఇది ఎక్కువ. అలాగని బూట్ల పాత్రను తక్కువ చేయలేం. హాంకాంగ్‌లో 1958లో ప్రచురితమైన ఒక పరిశీలనలో బూట్లు వేసుకునే వారిలో 33 శాతం మందికి బొటనవేలు ఒరిగి ఉండగా, వేసుకోని వారిలో అది 2 శాతం కూడా లేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో తవ్వి తీసిన మధ్యయుగపు అస్థిపంజరాలపై 2021లో వెలువడిన అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. 11 నుంచి 13వ శతాబ్దాల నాటి వారిలో 6 శాతంగా ఉన్న ఈ వంకర, కోసు మొన బూట్లు వాడుకలోకి వచ్చిన తరువాత, 14, 15 శతాబ్దాల నాటి వారిలో 27 శాతానికి చేరింది. పుట్టుకతో వచ్చిన పాదాన్ని మార్చలేము గాని, పదకొండు గంటలు అది ఉండే చోటును మార్చగలం. నా దృష్టిలో మీ చికిత్స అక్కడే మొదలు కావాలి.

నొప్పి ఒకే చోటు నుంచి రాదు. చర్మానికీ ఎముకకూ మధ్య ఉండే చిన్న ద్రవపు సంచి బూటు ఒరిపిడికి వాచడం వల్ల వచ్చేది ఒకటి, మీకు సాయంత్రం ఎర్రబడి సలపడం చాలావరకు ఇదే. ఇంకొకటి కీలు లోపల అరుగుదల. మూడోది మీ ఆనెకాయ చెబుతున్నది. నడిచేటప్పుడు బొటనవేలు మోయవలసిన బరువును అది మోయలేకపోతే ఆ భారం రెండో వేలి కిందికి మారుతుంది, అక్కడ చర్మం మందంగా కట్టి నొప్పి పుడుతుంది. దీన్ని కోసుకుంటే లాభం లేదు, భారాన్ని పంచే అరికాలి మెత్తలు వాడాలి.

నిలబడి తీయించుకున్న ఎక్స్‌రేలో బొటనవేలు ఒరిగిన కోణం 15 డిగ్రీలు దాటితే బునియన్‌గా లెక్కిస్తాం. సుమారు 20 వరకు స్వల్పం, 40 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అంటాం. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే పాదం మీద బరువు పడినప్పటి అసలు వంకరను చూపదు కాబట్టి నిలబెట్టి తీయమని అడగండి. అయితే కోణానికీ నొప్పికీ పొంతన ఉండాలనేమీ లేదు. తీవ్రమైన వంకరతో హాయిగా నడిచేవారిని, స్వల్ప వంకరతో కుంటుతూ వచ్చేవారిని నేను తరచూ చూస్తుంటాను.

ఒక జాగ్రత్త. రాత్రికి రాత్రే ఆ కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. చేతివేళ్ల కీళ్లు కూడా ఉదయాన చాలాసేపు బిగుసుకుంటుంటే కీళ్లవాతం ఉందేమో చూడాలి. బొడిపె పక్కన కాకుండా కీలు పైభాగంలో లేచి, వేలు పైకి వంచితే నొప్పి వస్తుంటే అది ఆ కీలు అరిగి బిగుసుకుపోవడం. వీటి చికిత్సలు వేరు.

ప్రస్తుతానికి, పని నుంచి రాగానే పాదాన్ని దిండు మీద ఎత్తుగా పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసును పది, పదిహేను నిమిషాలు బొడిపెపై ఉంచండి. డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా కొన్నాళ్లు వాడవచ్చు. అదే మందు మాత్రల రూపంలో నెలల తరబడి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగడం కడుపుకూ మూత్రపిండాలకూ హాని, రక్తపోటు ఉన్నవారికి మరీ ప్రమాదం. మీకు రాసిన మాత్రలు ఎన్నాళ్లు వాడాలో ఆ వైద్యుడిని స్పష్టంగా అడగండి.

జవాబు: పాదరక్షల తయారీదారు, నెల్లూరు

డాక్టర్ గారు బూటు గురించి చెప్పారు కాబట్టి, సరైన బూటును ఎలా ఎంచుకోవాలో ఆ పనిలో ఉన్నవాడిగా నేను చెబుతాను. చాలామంది నంబరు చూసి కొంటారు. నంబరు పొడవును మాత్రమే చెబుతుంది, వెడల్పును చెప్పదు. ముందు బిగుతుగా ఉందని ఒక నంబరు పెద్దది తీసుకుంటే మడమ జారుతుంది, జారకుండా వేళ్లు లోపల ముడుచుకుంటాయి, దానితో నొప్పి ఇంకో రూపంలో వస్తుంది.

సాయంత్రం పూట, పాదం వాచి ఉన్నప్పుడు, తెల్ల కాగితం మీద పూర్తి బరువు వేసి నిలబడి, పెన్సిల్‌ను నిటారుగా పట్టి పాదం చుట్టూ గీత గీయించుకోండి. రెండు పాదాలకూ గీసి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆ కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లి బూటు అడుగుభాగం మీద పెట్టి చూడండి. కాగితం ఏ పక్కన బయటికి వస్తే ఆ పక్కన మీ పాదం రోజంతా నలుగుతుందని అర్థం. అన్నింటికంటే పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ముందు భాగం గుండ్రంగానో నలుచదరంగానో ఉండి, మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి, ఎందుకంటే మడమ ఎత్తు పెరిగిన కొద్దీ బరువంతా ముందుకు జారి వేళ్ల మీద పడుతుంది. అడుగు మందంగా ఉండాలి, కుట్టు గాని పట్టీ గాని బొడిపె మీదుగా పోకూడదు. వెల్క్రో పట్టీ ఉంటే సాయంత్రం వాపు వచ్చినప్పుడు కాస్త వదులు చేసుకోవచ్చు.

ఇప్పుడున్న బూట్లు నిజమైన తోలువైతే, బొడిపె తగిలే ఒక్క చోట మాత్రమే తోలును సాగదీసే పరికరం మా వంటివారి దగ్గర ఉంటుంది, తక్కువ ఖర్చుతో పని అవుతుంది. రెగ్జిన్ బూట్లు అలా సాగవు, పగులుతాయి. ఇంట్లో తిరగడానికి పల్చటి హవాయి చెప్పులు కూడా నేను సిఫారసు చేయను. అవి జారిపోకుండా వేళ్లతో పట్టుకుని నడవవలసి వస్తుంది. బొటనవేలికి ఉంగరంలా పట్టీ ఉండే చెప్పులలో ఆ పట్టీ బిగుతుగా ఉంటే సరిగ్గా నొప్పి ఉన్న చోటే ఒరుసుకుంటుంది.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, రాజమహేంద్రవరం

అక్కా, వ్యాయామాలతో ఒరిగిన వేలు తిరిగి నిటారుగా అవుతుందని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి. పెద్దవారిలో అలా జరగదు. కానీ పాదంలోని చిన్న కండరాలు బలపడితే బరువు సరిగ్గా పంచుకుంటుంది, కీలు బిగుసుకోదు, నొప్పి తగ్గుతుంది. కాబట్టి అవి చేయదగినవే.

కుర్చీలో కూర్చుని పాదాన్ని నేల మీద ఆనించి, వేళ్లను ముడవకుండా పాదం మధ్య వంపును పైకి లేపినట్లు కండరాన్ని బిగించి అయిదు సెకన్లు ఉంచి వదలండి. మొదట్లో ఇది చేతకాదు, వేళ్లే ముడుచుకుంటాయి. నిరాశపడకుండా కొన్ని వారాలు సాధన చేయండి. తరువాత వేళ్లన్నిటినీ విసనకర్రలాగా కాకపోయినా వీలైనంత విడదీసి పట్టుకోండి. రెండు బొటనవేళ్లకూ కలిపి ఒక వదులు రబ్బరు బ్యాండు తొడిగి, మడమలు కలిపి ఉంచి, పాదాల ముందు భాగాలను మెల్లగా బయటికి తిప్పితే బొటనవేళ్లు సరైన దిశలోకి సాగుతాయి. నొప్పి మొదలయ్యే దాకా లాగకూడదు. వీటితోపాటు గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా పిక్కను అర నిమిషం సాగదీయడం చాలా ముఖ్యం. పిక్క బిగుసుకుంటే మడమ త్వరగా లేచి పాదం ముందు భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది, రోజంతా నిలబడేవారిలో ఇది చాలామందికి ఉంటుంది.

సిలికాన్ ముక్క గురించి అడిగారు. వేళ్ల మధ్య ఒరిపిడిని తగ్గించి కొందరికి బాగా ఉపశమనం ఇస్తుంది. తీసేస్తే వేలు మళ్లీ పాత చోటికే వెళ్తుంది. ఇరుకు బూటులో మందపాటి ముక్క పెడితే మాత్రం మిగిలిన వేళ్లను అవతలి పక్కకు తోసి కొత్త బాధ తెస్తుంది, కాబట్టి ముందు బూటు మార్చి, ఆ తరువాతే అది కొనండి. వేలిని నిటారుగా పట్టి ఉంచేలా రాత్రిపూట కట్టుకునే స్ప్లింట్లు కూడా అంతే, కట్టుకున్నంతసేపు హాయి ఇవ్వవచ్చు గాని వంకరను శాశ్వతంగా సరిచేయవు.

మరొక మాట. బొటనవేలు రెండో వేలి మీదికి ఒరిగినప్పుడు మధ్యలో మెట్టె ఉంటే చర్మం నలిగి పుండు పడుతుంది. మందపాటి మెట్టెలు ఉంటే పల్చటి, అంచులు నునుపైన వాటికి మార్చుకోవడం గాని, బూట్లు వేసుకునే వేళల్లో తీసి ఉంచడం గాని ఇంట్లో పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకోండి. పనిలో ఉన్నప్పుడు గల్లా కింద ఒక చిన్న పీట పెట్టుకుని, ఒక కాలు దాని మీద, ఒక కాలు నేల మీద ఉంచుతూ మార్చుకుంటే పాదాలకూ నడుముకూ విశ్రాంతి దొరుకుతుంది.

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. ఎముక కరగదని తెలిశాక ఒక రకంగా మనసు తేలికపడింది, పట్టు వేయించుకునే ఆలోచన మానుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. బూట్లు మార్చాలంటే మేనేజరు గారిని ఒప్పించాలి, అది ఎలా? ఆపరేషన్ ఎవరికి అవసరం, చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే వారి అనుభవం చెప్పగలరా? మా అమ్మ విషయంలో వేరే జాగ్రత్తలు ఉన్నాయా అన్నది కూడా డాక్టర్ గారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయిని, హైదరాబాద్

నేను కుడి పాదానికి శస్త్రచికిత్స చేయించుకున్నాను, కాబట్టి ఆ భాగం చెబుతాను. వెడల్పు బూట్లు, మెత్తలు, వ్యాయామాలు అన్నీ వాడి చూశాక కూడా బడికి నడిచి వెళ్లలేని స్థితి వచ్చాకే నిర్ణయం తీసుకున్నాను, ఈ రోజు అడిగినా అదే సరైన సమయమంటాను. నడుము కింది భాగానికి మత్తు ఇచ్చి, ఎముకను కోసి, సరైన స్థానానికి జరిపి, స్క్రూలతో బిగించారు. ఆపరేషన్ కంటే తరువాతి రోజులే ఓపికను పరీక్షిస్తాయి. రెండు వారాల వరకు కుట్లు, ఆరు వారాల దాకా మడమ మీద మాత్రమే బరువు వేసి నడిపించే ప్రత్యేకమైన చెప్పు, పాదాన్ని రోజులో ఎక్కువ భాగం గుండె కంటే ఎత్తులో ఉంచడం, ఇవన్నీ ఖచ్చితంగా పాటించమన్నారు. సాయంత్రం పూట వాపు చాలా నెలలు ఉంటుందని ముందే చెప్పినందువల్ల భయపడలేదు.

మన ఇళ్ల అలవాట్ల దృష్ట్యా వైద్యుడిని తప్పక అడగవలసిన సంగతి ఒకటుంది. నేల మీద కూర్చుని లేచేటప్పుడు, మునివేళ్ల మీద కూర్చునేటప్పుడు బొటనవేలి కీలు బాగా వంగాలి. కొన్ని పద్ధతుల్లో ఆ కీలు కదలిక అలాగే ఉంటుంది, కానీ కీలు బాగా అరిగిపోయినవారికి దాన్ని శాశ్వతంగా అతికించే పద్ధతిలో కదలికే ఉండదు. మీ ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉందా, మేడ మెట్లు ఎక్కాలా, పూజలో నేల మీద కూర్చుంటారా అన్నవి ముందే చెప్పి, నాకు ఏ పద్ధతి చేస్తారు, తరువాత ఈ వేలు ఎంత వంగుతుంది అని సూటిగా అడగండి. రెండు పాదాలూ ఒకేసారి వద్దని నాకు చెప్పారు, ఇంట్లో సాయం చేసేవారు తక్కువగా ఉన్న నాకు అదే మంచిదైంది. నొప్పి పోయింది, వేలు మాత్రం కొంచెం బిగుతుగానే ఉంది. ఆ బిగుతుకు నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

జవాబు: ప్రవాసాంధ్రుడు, చెన్నై

మేనేజరును ఒప్పించే విషయమై ఒక మాట. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని కేరళ 2018లో, ఇక్కడ తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. టీ నగర్ వంటి చోట్ల పెద్ద పెద్ద వస్త్ర దుకాణాల్లో వేలమంది స్త్రీలు పని చేస్తారు కాబట్టి ఈ సవరణ ఇక్కడ ఎంతో అవసరమైనది. మీ దుకాణంలో ఒక్కరికే మినహాయింపు అడిగితే సంకోచిస్తారు. మీ విభాగంలో కాళ్ల నొప్పితో బాధపడేవారందరూ కలిసి, వైద్యుడి సిఫారసు లేఖ జతచేసి, నల్లరంగే ఉండేలా వెడల్పు బూట్లకూ, కొనుగోలుదారులు లేని వేళల్లో కూర్చోవడానికి ఎత్తు పీటలకూ అనుమతి అడగండి. ఏకరూప దుస్తుల నియమం చెడకుండా అడిగిన కోరికను కాదనడం కష్టం.

జవాబు: ఎముకల వైద్యుడు, వరంగల్

ఆ లేఖలో "పాదం ముందు భాగం వెడల్పుగా, మడమ తక్కువ ఎత్తులో ఉండే బూట్లు వైద్యపరంగా అవసరం" అన్న వాక్యం స్పష్టంగా రాయించుకోండి, విశ్రాంతి అవసరం అని మాత్రమే రాస్తే దాన్ని సెలవు అభ్యర్థనగా చూస్తారు.

ఆపరేషన్ గురించి ఉపాధ్యాయిని గారు చెప్పింది సరిగ్గా ఉంది. అందం కోసమో, రేపు పెరుగుతుందేమోనన్న భయంతోనో దీన్ని చేయకూడదు. సరైన బూట్లతో మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా ప్రయత్నించినా రోజువారీ పనులు సాగనంత నొప్పి ఉంటే అప్పుడు ఆలోచించాలి. మళ్లీ వస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. ముఖ్యంగా మూలంలో ఎముకను సరిచేయకుండా బొడిపెను మాత్రం చెక్కివేస్తే, లేదా తరువాత మళ్లీ ఇరుకు బూట్లలోకి వెళ్తే తిరిగి రావడం ఎక్కువ. ఇన్‌ఫెక్షన్, చర్మం మొద్దుబారడం, ఎముక ఆలస్యంగా అతకడం వంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి, పొగ తాగేవారిలో ఎముక అతకడం మరింత ఆలస్యమవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇప్పుడే ఆ తొందర కనిపించడం లేదు, అయినా పాదం చూడకుండా తుది మాట చెప్పలేను.

అమ్మగారి సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి బొడిపె దగ్గర చర్మం ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు, అందుకే "అమ్మకు నొప్పి లేదు" అన్న మాటతో నిశ్చింతగా ఉండకండి. సన్నని నైలాన్ దారంతో అరికాలిని తాకి స్పర్శను చూసే పరీక్షను, పాదంలో నాడి కొట్టుకోవడాన్ని చూసే పరీక్షను ఏడాదికి ఒకసారైనా చేయించండి. ఆవిడకు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగున్న వెడల్పు చెప్పులు, మడమకు పట్టీ ఉన్నవి, కొనివ్వండి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగనివ్వకండి. ఎండాకాలం గుడి ప్రాంగణంలో రాళ్లు కాలుతున్నప్పుడు మందపాటి మేజోళ్లు వేయండి. కాపడం, వేడినీళ్లలో పాదాలు ముంచడం, మందుల దుకాణంలో దొరికే ఆనె పట్టీలు, బ్లేడుతో ఆనెను కోయడం, ఇవి నాలుగూ ఆవిడకు పూర్తిగా నిషేధం. ఆనె పట్టీలలోని ఆమ్లం ఆనెతోపాటు మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. సిలికాన్ ముక్కలు కూడా వైద్యుడు చూసి చెబితేనే వాడాలి.

ప్రతి రాత్రి మీరో, ఇంట్లో ఇంకెవరో ఆవిడ పాదాలను, వేళ్ల సందులతో సహా, వెలుతురులో చూడండి. ఎర్రటి మచ్చ, బొబ్బ, చీము, నల్లబడిన చర్మం, ఒక పాదం రెండోదానికంటే వేడిగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా మరునాటి దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.